చదువా, బంతా అని వాణ్ణి నిలదీయకండి

ప్రశ్న: అక్కా, మాది విజయవాడ. పదకొండేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా బాబుకి పదిహేనేళ్లు, పదో తరగతి. ఆరడుగులు ఉన్నాడు. ఈ ఏడాదే స్కూల్ బాస్కెట్‌బాల్ వర్సిటీ జట్టులోకి, అంటే స్కూల్ ప్రధాన జట్టులోకి తీసుకున్నారు, పాయింట్ గార్డ్‌గా, అంటే బంతిని నడిపించి ఆటని కట్టే స్థానంలో ఆడతాడు. మొన్న కెమిస్ట్రీలో 68 వచ్చింది. 70 రాలేదని మూడు వారాలు మ్యాచ్‌లు ఆడనివ్వడం లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ప్రశాంతత లేదు. ఈ సీజన్‌తో ఆట ఆపేసి కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీ కోచింగ్‌లో చేరమని మా వారు అంటున్నారు. ఆయన ఇంతవరకు వాడి మ్యాచ్ ఒక్కటి కూడా చూడలేదు. వాడేమో వచ్చే ఏడాది కష్టమైన సబ్జెక్టులన్నీ తీసేసి, ఆన్‌లైన్‌లో తేలికైనవి పెట్టుకుని, పూర్తిగా ఆట మీదే ఉంటానంటున్నాడు. కోబీ, లెబ్రాన్ కాలేజీకి వెళ్లారా అని ఎదురడుగుతున్నాడు. మా అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆటలు కూడు పెడతాయా’ అంటారు. మేమింకా హెచ్ 1 వీసా మీదే ఉన్నాం, గ్రీన్ కార్డు ఎప్పటికి వస్తుందో తెలీదు. ఒక క్లబ్ కోచ్ మాత్రం వేసవికి తన జట్టులో చేరితే స్కాలర్‌షిప్ ఖాయమంటున్నాడు. నేను ఎవరి వైపు నిలబడాలి?
– ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం:

చెల్లెమ్మా, ఎవరి వైపూ నిలబడొద్దు. మీ వారి మాటల్లో భయం ఉంది, అది నిజమైన భయం. బాబు మాటల్లో ఇష్టం ఉంది, అదీ నిజమైనదే. కాకపోతే ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. చదువు ఒక దారి, ఆట ఇంకో దారి అనుకుంటున్నారు. మీరున్న దేశంలో బాస్కెట్‌బాల్ దారి తరగతి గదిలోంచే పోతుంది. కెమిస్ట్రీలో రెండు మార్కులు తగ్గినందుకు మీ వాడు ఈ మూడు వారాలు బెంచీ మీద కూర్చోవడమే అందుకు సాక్ష్యం.

ఈ సంగతి మనకి ఒక పట్టాన మనసుకెక్కదు. మన దగ్గర ఆటలో పైకొచ్చే తీరు వేరు. పిల్లలు అకాడమీకి వెళ్లాలి, వీలైతే హాస్టల్లో ఉండాలి, పరీక్షలు ఎలాగో రాయాలి, చివరికి స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం రావాలి. పి.వి. సింధు తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టులో ఆడారు, రైల్వేలో ఉద్యోగం చేశారు. కూతుర్ని చిన్నప్పటి నుంచి గచ్చిబౌలి అకాడమీకి అంత దూరం తీసుకెళ్లి తీసుకొచ్చారు. ఆ కుటుంబం గురించి తలుచుకుంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఆ దారి అకాడమీ దారి. అందులో చదువు పక్కన నడుస్తుంది. అత్తయ్యగారు కూడు గురించి అడిగేది ఆ దారిని చూసే. ఆవిడ్ని తప్పుపట్టకండి.

అమెరికా బాస్కెట్‌బాల్‌లో పిల్లవాడు ముందు స్కూల్ జట్టులో ఆడాలి, ఆ తర్వాత కాలేజీ జట్టులో. ప్రొఫెషనల్ జట్లు ఎక్కువగా అక్కడి నుంచే ఏరుకుంటాయి. కోబీ బ్రయంట్ 1996లో, లెబ్రాన్ జేమ్స్ 2003లో హైస్కూల్ నుంచి నేరుగా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లిన మాట నిజమే. అయితే బాబు పుట్టకముందే ఆ తలుపు మూసేశారని వాడికి చెప్పండి. ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2006 డ్రాఫ్ట్ నుంచి రూల్ మారింది. డ్రాఫ్ట్ జరిగే ఏడాదికి 19 నిండాలి, అమెరికాలో చదివిన పిల్లలైతే హైస్కూల్ అయ్యాక కనీసం ఒక ఏడాది గడవాలి. కాలేజీ ఇష్టం లేని పిల్లల కోసం ఎన్‌బీఏ వాళ్లే 2020లో జీ లీగ్ ఇగ్నైట్ అనే జట్టు పెట్టారు. నాలుగేళ్లు నడిపి 2024లో దాన్ని కూడా మూసేశారు.

మీ ఊరికి సంబంధించిన ఒక కుర్రాడి సంగతి కూడా చెప్పాలి. పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లెటూరి నుంచి సత్నాం సింగ్ అనే పిల్లవాడు 2010లో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వచ్చాడు. ఏడడుగుల రెండంగుళాల మనిషి. కాలేజీలో ఆడకుండానే 2015లో డాలస్ మావెరిక్స్ అతన్ని 52వ పిక్‌గా తీసుకుంది. ఇండియాలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. తర్వాత అతను ఆడింది మీ ఫ్రిస్కోలోనే, మావెరిక్స్ చిన్న జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. ఇది అతన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు, అంత దూరం రావడమే గొప్ప. అంత ఎత్తున్న మనిషికే ఆ ఆఖరి మెట్టు దొరకలేదు. మీ వాడు ఆరడుగుల పాయింట్ గార్డ్. వాడికి ఎత్తు కాదు, ఆటను చదివే తెలివి కావాలి. అది నేర్పేది కాలేజీ ఆటే.

ఇప్పుడు ఇద్దరు కుర్రాళ్ల గురించి కాస్త వివరంగా చెప్తాను. ఇద్దరూ 1988లో పుట్టారు, ఇద్దరూ 2006లో హైస్కూల్ పూర్తిచేశారు. పెద్ద కాలేజీలేవీ ఇద్దర్నీ పట్టించుకోలేదు. భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు మీ ముగ్గురూ వీళ్ల గురించే మాట్లాడుకోవాలని నా కోరిక.

మొదటివాడు జెరెమీ లిన్. తల్లిదండ్రులు తైవాన్ నుంచి వచ్చినవాళ్లు, కంప్యూటర్ రంగంలో పనిచేసేవాళ్లు. తండ్రికి అమెరికా వచ్చేవరకూ బాస్కెట్‌బాల్ ఆడటం రాదు. వీడియో టేపులు చూసి తను నేర్చుకుని పిల్లలకి నేర్పాడు. హోంవర్క్ అయ్యాక రాత్రిపూట ముగ్గురు కొడుకుల్నీ వైఎంసీఏ జిమ్‌కి తీసుకెళ్లేవాడు. పిల్లాణ్ణి అన్ని గంటలు ఆడనిస్తావేంటని తల్లి షర్లీని చుట్టుపక్కల స్నేహితులు అనేవాళ్లట. మన అసోసియేషన్ పార్టీల్లో మిమ్మల్ని అంటున్నట్టే. ఆవిడ ఆట మాన్పించలేదు, అలాగని చదువునీ వదిలిపెట్టలేదు. లెక్కల్లో ‘ఏ మైనస్’ వచ్చింది, అది ‘ఏ’ కాకపోతే జట్టు నుంచి తీసేస్తానని కోచ్‌కే ఫోన్ చేసి చెప్పిందని ఆ కోచ్ తర్వాత ఎప్పుడో గుర్తుచేసుకున్నాడు.

పాలో ఆల్టో హైస్కూల్ జట్టుకి జెరెమీ కెప్టెన్. చివరి ఏడాది ఆ జట్టు 32 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడింది. దేశమంతా పేరున్న మేటర్ డే స్కూల్‌ని ఫైనల్లో 51–47తో ఓడించి కాలిఫోర్నియా రాష్ట్ర టైటిల్ తెచ్చుకుంది. కాలేజీ ఆటలో పై స్థాయి డివిజన్ 1, కింది స్థాయి డివిజన్ 3. అలాంటి కుర్రాడికి ఒక్క డివిజన్ 1 కాలేజీ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. స్కూల్‌కి రోడ్డవతలే స్టాన్‌ఫర్డ్. అక్కడి నుంచీ పిలుపు రాలేదు. ఇంట్లో కూర్చుని బాధపడలేదు. తన ఆటని డీవీడీ చేసి, చదువు వివరాలు జతపెట్టి హార్వర్డ్ లాంటి పేరున్న ఎనిమిది ఐవీ లీగ్ కాలేజీలన్నిటికీ, బర్క్‌లీకీ, స్టాన్‌ఫర్డ్‌కీ, యూసీఎల్ఏకీ పంపాడు. జట్టులో చోటు ఖాయమని చెప్పినవి హార్వర్డ్, బ్రౌన్ మాత్రమే. ఐవీ లీగ్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కాబట్టి మార్కులు లేకపోతే ఆ తలుపు కూడా మూసుకునేదే.

హార్వర్డ్ సహాయ కోచ్ జెరెమీని మొదటిసారి చూసి ‘ఇతను డివిజన్ 3 స్థాయి ఆటగాడు’ అన్నాడు. అదే వారంలో ఇంకో మ్యాచ్‌లో, గట్టి పోటీ మధ్య, జంకు లేకుండా బుట్ట మీదికి దూసుకెళ్తుంటే చూసి మనసు మార్చుకున్నాడు. ఇది బాబు జాగ్రత్తగా వినాల్సిన మాట. తేలికైన మ్యాచ్‌లో ముప్పై పాయింట్లు కొట్టడం కన్నా, తనకంటే గట్టివాళ్ల మధ్య ఎలా ఆడతాడన్నదే కోచ్‌లు చూస్తారు.

హార్వర్డ్‌లో మొదటి ఏడాది జెరెమీ సగటు ఐదు పాయింట్లు కూడా లేదు. నాలుగో ఏడాదికి 16 దాటింది. ఎకనామిక్స్ డిగ్రీతో 2010లో బయటికొచ్చాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. ఎన్‌బీఏ జట్టు గోల్డెన్ స్టేట్ తీసుకుని వదిలేసింది, హ్యూస్టన్ తీసుకుని రెండు వారాల్లో వదిలేసింది. న్యూయార్క్ నిక్స్‌లో చేరాక అన్న అపార్ట్‌మెంట్‌లో సోఫా మీద పడుకునేవాడు. 2012 ఫిబ్రవరి 4న బెంచీ మీద నుంచి లేచి 25 పాయింట్లు కొట్టాడు. ఆరు రోజుల తర్వాత లేకర్స్ మీద 38. ఆ ఫిబ్రవరిలో మా న్యూజెర్సీ అంతటా ఆసియా కుటుంబాల పిల్లలు జెరెమీ 17 నంబరు చొక్కాలు వేసుకుని స్కూల్‌కి వెళ్లడం నా కళ్లారా చూశాను. మా చిన్నవాడు అందులో ఒకడు.

రెండోవాడు స్టీఫెన్ కరీ. వాళ్ల నాన్న డెల్ పదహారు సీజన్లు ఎన్‌బీఏలో ఆడాడు. అమ్మానాన్నలిద్దరూ చదివి ఆడింది వర్జీనియా టెక్‌లోనే. అయినా ఆ కాలేజీ ఈ బక్కపలచని అబ్బాయికి ‘కావాలంటే స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి జట్టుతో ఉండు’ అంది. దాన్నే వాక్-ఆన్ అంటారు. అంతకుముందు హైస్కూల్లో ఒక వేసవంతా తండ్రి అతని షాట్‌ని మళ్లీ మొదటి నుంచి కట్టించాడు. నడుం దగ్గర నుంచి విసిరే అలవాటు మాన్పించి తల పైనుంచి వదిలేలా చేశాడు. వారాల తరబడి దగ్గరి షాట్లు కూడా పడక పిల్లాడు ఏడ్చాడు.

డేవిడ్‌సన్ అని నార్త్ కరోలినాలో రెండువేల మంది కూడా లేని చిన్న కాలేజీ. దాని కోచ్ బాబ్ మెకిలప్ అతన్ని నమ్మి తీసుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో కరీ 13 సార్లు బంతి ప్రత్యర్థికి పోగొట్టాడు. కోచ్ మర్నాడు కూడా ఆడించాడు. మిషిగన్ మీద 32 పాయింట్లు కొట్టాడు! పెద్ద కాలేజీలో అయితే ఆ పదమూడు పొరపాట్ల తర్వాత ఆ రెండో అవకాశం అంత తొందరగా వచ్చేదని నేననుకోను. రెండో ఏడాది, 2008లో, డేవిడ్‌సన్ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో గొన్జాగా, జార్జ్‌టౌన్, విస్కాన్సిన్ జట్లని ఓడించింది. కరీ వరసగా 40, 30, 33 కొట్టాడు. ఆఖరికి ఛాంపియన్లయిన కాన్సస్ చేతిలో రెండే రెండు పాయింట్ల తేడాతో, 59–57తో ఓడిపోయారు. మూడో ఏడాది దేశంలోనే అందరికన్నా ఎక్కువ సగటు అతనిదే, 28.6. 2009 డ్రాఫ్ట్‌లో ఏడో పిక్‌గా గోల్డెన్ స్టేట్‌కి వెళ్లాడు. మరుసటి ఏడాది ఆ జట్టులోకే జెరెమీ వచ్చి చేరాడు.

డిగ్రీకి ఒక ఏడాది ఉండగానే కరీ వెళ్లిపోయాడు. కాలేజీ వాళ్లు పట్టాలేనివాళ్ల జెర్సీ నంబర్ని గౌరవంగా పక్కనపెట్టరు. మూడు ఎన్‌బీఏ టైటిళ్లు, రెండు ఎంవీపీలు (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డులు) వచ్చాక కూడా ఆ నియమం అతని కోసం మార్చలేదు. అతనే తిరిగొచ్చి మిగిలిన కోర్సులు చేసి, పరిశోధన వ్యాసం రాసి, 2022 మేలో సోషియాలజీ డిగ్రీ తీసుకున్నాడు. ఆ ఆగస్టులో అతని 30 నంబర్ని డేవిడ్‌సన్ శాశ్వతంగా దాచింది. కోబీ, లెబ్రాన్ గురించి అడిగిన కుర్రాడికి ఈ కథ మీ వారే చెప్తే బాగుంటుంది.

ఇక లెక్కలు. మీ వారు ఇంజనీరు అయ్యుంటారని నా ఊహ, ఆయనకి ఈ అంకెలు చెప్పండి. అమెరికాలో హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు ఐదు లక్షల పైనే. ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఏదో ఒక డివిజన్‌లో ఆడేది నూటికి మూడున్నర మంది. డివిజన్ 1కి చేరేది నూటికి ఒక్కడు. అలా చేరినవాళ్లలోనూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పిలుపందుకునేది వందలో ఒకరో అంతకు కాస్త ఎక్కువో. డ్రాఫ్ట్ అంటే రెండు రౌండ్లు, మొత్తం అరవై మంది లోపే, అందులో విదేశాల నుంచి వచ్చేవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి ‘మా వాడు ఎన్‌బీఏకి వెళ్తాడా’ అన్న ప్రశ్న ఇప్పుడు మీ ఇంట్లో అనవసరం. అడగాల్సింది ఇది: ఏ కాలేజీకి వీడి ఆట కావాలి, రేపు మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయినా ఆ కాలేజీలోనే ఉండి చదవాలని వీడికి అనిపిస్తుందా? రెండింటికీ సరైన జవాబున్న కాలేజీ దొరికితే తండ్రి కోరికా, కొడుకు కోరికా ఒకే అప్లికేషన్‌లో ఇమిడిపోతాయి.

అలాంటివి చాలా ఉన్నాయి. మీ వారికి ఎంఐటీ పేరు చెప్పండి. ఎంఐటీ, కార్నెగీ మెలన్, ఎమరీ బాస్కెట్‌బాల్ ఆడేది డివిజన్ 3లో. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టో, చదువుని బట్టో సాయం ఉంటుంది. అడ్మిషన్ దగ్గర కోచ్ మాట కొంత పనిచేస్తుంది, మార్కులు లేకపోతే మాత్రం ఆయన కూడా ఏమీ చేయలేడు. డివిజన్ 3 అంటే ఆట ముగిసినట్టని కూడా అనుకోవద్దు. డంకన్ రాబిన్సన్ అనే అబ్బాయి విలియమ్స్ అనే డివిజన్ 3 కాలేజీలో మొదలుపెట్టి మిషిగన్‌కి మారి, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా, మయామీ జట్టుతో 2020 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడాడు. మీ టెక్సస్ నుంచే జిమ్మీ బట్లర్ టామ్‌బాల్ హైస్కూల్ అయ్యాక ముందు టైలర్ జూనియర్ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) చేరి, అక్కడి నుంచి మార్కెట్ (Marquette) యూనివర్సిటీకి వెళ్లి, 2011లో 30వ పిక్ అయ్యాడు. ఇలాంటివాళ్లు అరుదు. కానీ చిన్న మెట్టు ఎక్కడం అవమానం కాదని బాబుకి తెలియాలి.

ఇప్పుడు సబ్జెక్టులు తీసేస్తానన్న మాట దగ్గరికొద్దాం. నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టింది అదే. డివిజన్ 1లో మొదటి ఏడాది ఆడాలంటే హైస్కూల్లో ఎన్‌సీఏఏ ఆమోదించిన 16 కోర్ కోర్సులు పూర్తవ్వాలి. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ లాంటివి. అందులో పది, పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్‌లోంచే ఉండాలి. కోర్ కోర్సుల్లో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, కనీసం 2.3 ఉండాలి. పన్నెండులోకి వచ్చాక ఆ పది కోర్సుల్లో మార్కు పెంచుకుందామని మళ్లీ రాసినా లెక్కలోకి రాదు. అంటే బాబు ఇప్పుడు చదువుతున్న కెమిస్ట్రీ ఆ ఏడింటిలో ఒకటి కావచ్చు. ఆన్‌లైన్‌లో తేలిగ్గా, టీచరు లేకుండా, రెండు వారాల్లో ముగించే కోర్సులు చాలావరకు ఎన్‌సీఏఏ ఒప్పుకోదు. డిప్లొమా వస్తుంది, ఆడే అర్హత రాదు. పన్నెండో తరగతి వసంతంలో ఈ సంగతి తెలిసి తల్లీకొడుకులు ఏడ్వడం నేను చూశాను. మీ స్కూల్ పేరు మీద ఆమోదించిన కోర్సుల జాబితా ఎన్‌సీఏఏ అర్హత కేంద్రం సైట్‌లో ఉంటుంది. ఈ వారమే బాబుతో కలిసి కూర్చుని వాడి సబ్జెక్టులు ఒక్కొక్కటే పోల్చి చూడండి. ఎస్ఏటీ ఈ అర్హతకి 2023 నుంచి అక్కర్లేదు, కానీ మంచి కాలేజీలకి పనికొస్తుంది కాబట్టి మీ వారి మాటలోనూ అర్థముంది. దానికి ఆట ఆపనక్కర్లేదు, సీజన్ అయ్యాక వసంతంలో మొదలుపెట్టవచ్చు.

స్కాలర్‌షిప్ ఖాయమన్న క్లబ్ కోచ్ సంగతి. చెల్లెమ్మా, ఆ మాట చెప్పే అధికారం కాలేజీ కోచ్‌కి తప్ప ఎవరికీ లేదు. మాకు ఇది అనుభవం. మా వాడు పదకొండులో ఉండగా ఒక క్లబ్ కోచ్ ‘మూడు కాలేజీలు మీ వాణ్ణి చూస్తున్నాయి’ అన్నాడు. రెండు వేసవులు ఫీజు కట్టాం, విమానాలెక్కి టోర్నమెంట్లకి తిరిగాం. ఆ మూడు కాలేజీల నుంచి ఒక్క ఈమెయిల్ రాలేదు. మోసపోయామన్న బాధ కన్నా, పిల్లాడు తనలోనే ఏదో లోపం ఉందని కుంగిపోయాడే, అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. చివరికి వాడి స్కూల్ కోచ్ కూర్చోబెట్టి ‘నీ ఆట ఈ స్థాయిది, ఈ ఎనిమిది కాలేజీలకి రాయి’ అన్నారు. వాడే రాసుకున్నాడు. ఐదుగురు జవాబిచ్చారు. వాటిల్లో ఒక డివిజన్ 3 కాలేజీలో నాలుగేళ్లు ఆడి, డిగ్రీ తీసుకుని, ఇప్పుడు బ్రిడ్జిలు కట్టే కంపెనీలో పనిచేస్తున్నాడు. ఆదివారాలు పిల్లలకి ఆట నేర్పుతాడు.

క్లబ్ జట్టు అసలొద్దని కాదు. కాలేజీ కోచ్‌లు వేసవిలో చూసేది ఆ టోర్నమెంట్లనే. చేరేముందు రెండు అడగండి. పోయిన మూడేళ్లలో మీ పిల్లలు ఏయే కాలేజీల్లో చేరారు, ఆ తల్లిదండ్రుల్లో ఇద్దరితో మాట్లాడనిస్తారా? జంకకుండా జవాబిచ్చేవాళ్లయితే ఆలోచించండి. బాబు ఆ జట్టులో ఎన్ని నిమిషాలు ఆడతాడో కూడా అడగండి. పెద్ద పేరున్న జట్టులో బెంచీ మీద కూర్చుంటే ఏ కోచూ చూడడు.

పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 నుంచి డివిజన్ 1 కోచ్‌లు పిల్లలకి నేరుగా ఫోన్ చేయొచ్చు, రాయొచ్చు. అంటే మీకు ఈ జూన్‌లోనే. ఆ రోజు ఫోన్ మోగకపోతే ఇల్లంతా దిగులు పడొద్దు. ఇప్పుడు కాలేజీ నుంచి కాలేజీకి మారడం చాలా సులువైంది. హైస్కూల్ పిల్లాడి కన్నా రెండేళ్లు ఆడి కండపట్టిన కుర్రాణ్ణే కోచ్‌లు ముందు చూస్తున్నారు. అందుకే ఎవరో వెతుక్కుంటూ వస్తారని ఆగకుండా, మూడు నాలుగు నిమిషాల వీడియో, మార్కుల వివరాలు, మ్యాచ్‌ల తేదీలు పెట్టి బాబే స్వయంగా రాయాలి. మీరు రాయొద్దు. పిల్లాడి గొంతు కోచ్‌లు గుర్తుపడతారు.

వీసా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తోటి అమెరికన్ తల్లిదండ్రులకి ఇది తెలియదు. బాబు హెచ్ 4 మీద, అంటే హెచ్ 1 వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద ఉంటే 21 నిండేవరకే. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే విద్యార్థి వీసా ఎఫ్ 1కి మారాలి, అంటే కాలేజీ మధ్యలో. స్కాలర్‌షిప్ తీసుకోవడానికి అడ్డులేదు. కానీ 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు. ఈ డబ్బు విషయంలో పని అనుమతి లేని వీసా మీద ఉన్న పిల్లలకి చిక్కుంది. పర్‌డ్యూలో ఆడిన కెనడా అబ్బాయి జాక్ ఈడీ రెండేళ్లు దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా నిలిచినా, విద్యార్థి వీసా వల్ల తోటివాళ్లలా సంపాదించుకోలేకపోయాడు. కాబట్టి ఎవరు ఏ ఒప్పందం చూపించినా ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా బాబు చేత సంతకం పెట్టించవద్దు. చిన్న షూ కంపెనీ ఇచ్చే వంద డాలర్లకైనా సరే.

ఇక ఇంటి సంగతి. ఈ సీజన్ అయ్యేలోపు మీ ముగ్గురూ కలిసి మూడు మ్యాచ్‌లు చూడండి. డాలస్‌లో ఎస్ఎంయూ, అది డివిజన్ 1. ప్లేనోలో కాలిన్ కాలేజీ, అది జూనియర్ కాలేజీ. షెర్మన్‌లో ఆస్టిన్ కాలేజీ, అది డివిజన్ 3. మూడూ మీకు కారులో వెళ్లే దూరమే. గార్డులు ఎంత వేగంగా కదులుతున్నారో, ఎంత బలంగా ఉన్నారో బాబే చూసుకుంటాడు. ఏ స్థాయి తనదో మీరెవరూ చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత వాడి స్కూల్ కోచ్‌ని పావుగంట సమయం అడిగి, దాపరికం లేకుండా చెప్పమనండి. ఆయనకి మీ దగ్గర ఫీజు రాదు కాబట్టి నిజం చెప్తారు.

ఈ మూడు వారాలూ ప్రాక్టీస్ మాన్పించకండి. టెక్సస్ రూల్ ప్రకారం మ్యాచ్‌లు ఆడకూడదు గానీ ప్రాక్టీస్‌కి వెళ్లొచ్చు. జట్టుతో పాటు వెళ్లి బెంచీ పక్కన కూర్చోనివ్వండి. ఇంటికొచ్చాక కెమిస్ట్రీ పుస్తకంతో మీ వారు పక్కన కూర్చోవాలి. లిన్ గారు హోంవర్క్ తర్వాత జిమ్‌కి తీసుకెళ్లినట్టు, ఈయన జిమ్ తర్వాత మోల్ లెక్కలు చెప్పాలి. ఆయనకి ఆ సబ్జెక్టు గుర్తుండే ఉంటుంది, మన ఇంటర్‌లో అంత రుద్దించారు కదా.

మార్కు 70 దాటి బాబు మళ్లీ చొక్కా వేసుకునే మొదటి మ్యాచ్ తేదీ ఇప్పుడే కనుక్కుని, మీ వారి ఆఫీస్ క్యాలెండర్‌లో మీరే పెట్టేయండి. సాయంత్రం మ్యాచ్ అయితే ట్రాఫిక్ చూసుకుని నాలుగున్నరకే బయల్దేరమనండి.